పారస్‌నాథ్: ఒకే కొండ, రెండు పేర్లు

ఝార్ఖండ్ రాష్ట్రం గిరిడీహ్ జిల్లాలోని మధుబన్‌లో తెల్లవారుజామున మూడు గంటలకే రోజు మొదలవుతుంది. ధర్మశాలల తలుపులు తెరుచుకుంటాయి. తెల్లని వస్త్రాలు ధరించిన యాత్రికులు, చేతిలో వెదురు కర్రతో, చాలామంది చెప్పులు కూడా లేకుండా, చీకట్లోనే కొండదారి పడతారు. వెళ్ళేటప్పుడు తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు. పైన ఒక్కొక్క టోంకును దర్శిస్తూ మరో తొమ్మిది కిలోమీటర్ల ప్రదక్షిణ. దిగేటప్పుడు ఇంకో తొమ్మిది. మొత్తం ఇరవై ఏడు కిలోమీటర్లు. నిష్ఠ గలవారు కొండ మీద ఏమీ తినరు. సాల వృక్షాల అడవి గుండా, గంధర్వ నాలా, సీతా నాలా అనే వాగులు దాటుతూ దారి నిట్టనిలువుగా సాగుతుంది. వెలుతురు వచ్చేసరికి శిఖరం మీది పార్శ్వనాథుని ఆలయం కనిపిస్తుంది. సుమారు 1,365 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరమే ఝార్ఖండ్‌లో అన్నిటికంటే ఎత్తైనది. అక్కడ నిలబడితే చుట్టూ అడవి, దాని ఆవల మైదానం కనుచూపు మేర పరచుకుని ఉంటాయి.

ఈ ఎక్కుడును ప్రతి యాత్రికుడూ తన కాళ్ళతోనే పూర్తి చేయడు. వృద్ధులను, అనారోగ్యంతో ఉన్నవారిని డోలీలో కూర్చోబెట్టి భుజాల మీద మోసుకెళ్ళే కూలీలున్నారు. యాత్రికుని బరువును బట్టి వారి కూలి ఉంటుంది. ఆ మోసేవారిలో ఎక్కువమంది ఆ కొండ చుట్టూ ఉన్న ఊళ్ళ సంతాల్ ఆదివాసులు, ఇతర పేద కులాలవారు. పైన కూర్చున్నవారికి ఆ కొండ పేరు సమ్మేద్ శిఖర్. మోస్తున్న సంతాల్‌కు దాని పేరు మరాంగ్ బురు. సంతాలీలో ఆ మాటకు అర్థం పెద్ద కొండ. అదే వారి పెద్ద దేవుడి పేరు కూడా. ఒకే దారిలో, ఒకే డోలీకి రెండు వైపుల నుంచి, ఇద్దరు భక్తులు తమ తమ దైవం దగ్గరికి వెళుతున్నారన్నమాట. ఒకరు కూర్చుని, మరొకరు మోస్తూ.

గత కొన్నేళ్ళుగా పారస్‌నాథ్ చుట్టూ నడిచిన రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ దృశ్యంతోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఢిల్లీలో, రాంచీలో జరిగిన చర్చలన్నిటిలో డోలీలో కూర్చున్నవారి మాట వినిపించింది. డోలీ మోసేవారి మాట వినిపించలేదు.

జైనులకు ఈ కొండ ఎంత పవిత్రమో చెప్పడానికి అతిశయోక్తి అవసరం లేదు. ఇరవై నలుగురు తీర్థంకరులలో ఇరవై మంది ఇక్కడే మోక్షం పొందారని వారి విశ్వాసం. ఇరవై మూడో తీర్థంకరుడైన పార్శ్వనాథుని పేరే కొండకు స్థిరపడింది. శిఖరం మీద పూజాధికారం కోసం శ్వేతాంబరులు, దిగంబరులు బ్రిటిష్ కాలంలో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళారంటే, ఆ మతంలో ఈ కొండకున్న స్థానం ఏమిటో ఊహించవచ్చు. అటువంటి కొండను ప్రభుత్వ కాగితాల్లో ఒక 'పర్యాటక స్థలం'గా చూడవలసి వచ్చినప్పుడు జైనులు కలత చెందడం సహజం. వారి ఆందోళనను కొందరు ధనికుల మొండితనంగా కొట్టిపారేయడం అన్యాయం.

వివాదానికి మూలం 2019లో ఉంది. ఆ ఏడాది ఆగస్టు 2న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పారస్‌నాథ్, తోప్‌చాంచీ వన్యప్రాణి అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని ప్రకటించింది. ప్రతిపాదన అప్పటి రఘువర్ దాస్ ప్రభుత్వానిది. నిజానికి అటువంటి ప్రకటన ఉద్దేశం అడవిని క్వారీల నుంచి, కాలుష్య పరిశ్రమల నుంచి కాపాడటమే. కానీ అందులో పర్యావరణ పర్యాటకం అన్న మాట కూడా చోటు చేసుకుంది. రాష్ట్ర పర్యాటక శాఖ జాబితాల్లోనూ పారస్‌నాథ్ పేరు చేరింది. తర్వాత వచ్చిన హేమంత్ సోరెన్ ప్రభుత్వం ఆ జాబితాలను మార్చలేదు. మూడేళ్ళపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ కాగితాలు, కొండ మీద మద్యం, మాంసం కనిపిస్తున్నాయన్న ఫిర్యాదులతో 2022 చివరిలో ఒక్కసారిగా భగ్గుమన్నాయి.

ఢిల్లీ, ముంబై, అహ్మదాబాద్ వీధుల్లో జైనులు వేల సంఖ్యలో ప్రదర్శనలు జరిపారు. జైపూర్‌లో నిరాహార దీక్ష చేస్తున్న ఒక జైన ముని 2023 జనవరి 3న కన్నుమూశారు. రాజకీయ పక్షాలు తమకు అలవాటైన పనే చేశాయి. తప్పంతా సోరెన్ ప్రభుత్వానిదని బీజేపీ, తప్పంతా రఘువర్ దాస్ ప్రభుత్వానిదని జేఎంఎం ఆరోపించుకున్నాయి. జనవరి 5న హేమంత్ సోరెన్ కేంద్రానికి లేఖ రాశారు. అదే రోజు కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమొరాండం జారీ చేసింది.

ఆ మెమొరాండం చదవదగినది. 2019 ప్రకటనలో పర్యాటకానికి సంబంధించిన నిబంధనల అమలును అది తక్షణం నిలిపివేసింది. కొండ మీద మద్యం, మత్తు పదార్థాలు, మాంసాహారం, లౌడ్‌స్పీకర్ల మోత, అనుమతి లేని క్యాంపింగ్, ట్రెక్కింగ్ వంటివాటిపై ఉన్న నిషేధాలను కఠినంగా అమలు చేయాలని రాష్ట్రాన్ని ఆదేశించింది. పర్యవేక్షణ కమిటీలో జైన సమాజం నుంచి ఇద్దరిని, స్థానిక ఆదివాసుల నుంచి ఒకరిని శాశ్వత ఆహ్వానితులుగా తీసుకోవాలని చెప్పింది. ఇద్దరు, ఒకరు. కొండ చుట్టూ తరతరాలుగా బతుకుతున్న వారికి దక్కిన వాటా అది.

ఐదు రోజులు తిరగకుండానే, జనవరి 10న, వేలాది ఆదివాసులు పారస్‌నాథ్ వద్ద సమావేశమయ్యారు. మరాంగ్ బురు తమదని, తమ ఆరాధనా పద్ధతులను కేంద్రం లెక్కలోకి తీసుకోలేదని ప్రకటించారు. అధికార పక్షమైన జేఎంఎం ఎమ్మెల్యే లోబిన్ హేంబ్రమ్ ఆ వేదిక మీది నుంచి సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. సంతాల్ నాయకుడు సల్ఖన్ ముర్ము 'మరాంగ్ బురు విముక్తి' కోసం వివిధ రాష్ట్రాల్లో ప్రచారానికి పూనుకున్నారు. జైనుల ప్రదర్శనలకు టీవీ చానళ్ళలో దక్కిన సమయంలో పదోవంతు కూడా ఈ సభలకు దక్కలేదు.

వాస్తవానికి ఆదివాసుల ప్రశ్న చాలా సూటిగా ఉంది. సంతాలుల ఆరాధనలో కోడిని బలి ఇవ్వడం సాధారణం. వారి జాహేర్ థాన్, అంటే పవిత్ర వనం, కొండవాలులోనే ఉంది. కొండ మీద మాంసం ఉండరాదని ఢిల్లీ ఆదేశిస్తే, అది యాత్రికుని వంటకాల మీద నిషేధమా, ఆదివాసి పూజ మీద నిషేధమా? అనుమతి లేకుండా నడవరాదంటే, తన దేవుడి దగ్గరికి వెళ్ళడానికి సంతాల్ ఎవరి అనుమతి తీసుకోవాలి? ఈ ప్రశ్నలకు మెమొరాండంలో సమాధానం లేదు. రాసినవారి మనసులో ఆ ప్రశ్నలు మెదిలినట్టు కూడా కనిపించదు. 2025లో ఝార్ఖండ్ హైకోర్టు ఈ మెమొరాండాన్ని పకడ్బందీగా అమలు చేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించడంతో, ఆ మౌనం మరింత బరువెక్కింది.

ఇక్కడ ఒక లెక్క చూడటం అవసరం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో జైనులు సుమారు 44.5 లక్షలు. అదే జనగణనలో 'ఇతర మతాలు' అన్న గడిలో తమ మతం సర్నా అని ప్రత్యేకంగా రాయించుకున్న ఆదివాసులు సుమారు 49.6 లక్షలు. సంఖ్యలో సర్నా అనుయాయులే ఎక్కువ. అయినా జైన మతానికి జనగణన పత్రంలో ప్రత్యేక గడి ఉంది. 2014 నుంచి జాతీయ స్థాయిలో మైనారిటీ హోదా ఉంది. సర్నాకు గడి లేదు. గడి కావాలని కోరుతూ ఝార్ఖండ్ శాసనసభ 2020 నవంబర్‌లో ఏకగ్రీవంగా తీర్మానం చేసి పంపింది. కేంద్రం దాన్ని నేటికీ ఆమోదించలేదు. రాజ్యం తన కాగితాల్లో పేరు కూడా రాయని ఒక విశ్వాసానికి, పేరున్న విశ్వాసంతో వివాదం వచ్చినప్పుడు ఏ గతి పడుతుందో పారస్‌నాథ్ చూపించింది. రాష్ట్రపతి భవన్‌లో ఒక సంతాల్ మహిళ ఆసీనురాలై ఉన్న కాలంలోనే ఇదంతా జరిగిందన్నది గమనించవలసిన విషయం. ప్రాతినిధ్యం వేరు, హక్కు వేరు.

హక్కు లేని చోట ప్రాణానికి కూడా విలువ ఉండదని ఈ కొండకు తెలుసు. పారస్‌నాథ్ అడవులు చాలాకాలం మావోయిస్టుల స్థావరం. 2017 జూన్‌లో ఇక్కడ జరిగిన ఒక 'ఎన్‌కౌంటర్'లో ఒక సంతాల్ మరణించాడు. మృతుడు మావోయిస్టు అని పోలీసులు ప్రకటించారు. కాదు, అతను యాత్రికులను మోసే డోలీ కార్మికుడని గ్రామస్థులు, అతని కార్మిక సంఘం చెప్పారు. రాష్ట్రంలోని ప్రతిపక్షాలు కూడా విచారణ కోరాయి. అదే ఏడాది చివరికి ఆ కార్మిక సంఘాన్నే ప్రభుత్వం నిషేధించింది. ఆ కొండదారి మీద జీవనం సాగించేవారు తమ కూలి కోసం, తమ దేవుడి కోసం మాట్లాడాలంటే ఎంత ధైర్యం కావాలో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

అలాగని ఆదివాసుల తరఫున చేసే ప్రతి వాదనా నిలుస్తుందని కాదు. వైశాఖ పౌర్ణమినాడు సంతాలులు ఈ అడవిలో జరిపే సేంద్రా, అంటే సామూహిక వేట, వారి సంస్కృతిలో కీలకమైన ఘట్టమే. ఊళ్ళ మధ్య తగాదాలు తీర్చే సభ కూడా అప్పుడే కూర్చుంటుంది. కానీ అభయారణ్యంలో వేటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తోంది. ఆదివాసులకు అండగా నిలిచే 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూ, వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. కనుక సేంద్రా మునుపటి రూపంలో కొనసాగడం కష్టం. దాన్ని ఎలా మార్చుకోవాలన్నది సంతాల్ పెద్దలు తమలో తాము చర్చించుకోవలసిన విషయం. అయితే వేటకు చట్టం చెప్పే అభ్యంతరాన్ని చూపించి, పూజకు, వనానికి, దారికి ఉన్న హక్కులను కూడా తోసిపుచ్చడం న్యాయం కాదు.

మరి దారేమిటి? అది కొత్తగా కనిపెట్టవలసింది కాదు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరలోనే, ఒడిశాలోని నియమగిరిలో ఉంది. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వవచ్చా లేదా అన్న వివాదంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఒక చారిత్రక తీర్పు ఇచ్చింది. డోంగ్రియా కోందులు తమ నియమ్ రాజాను ఆరాధించే హక్కుకు తవ్వకం భంగం కలిగిస్తుందా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ ఒకే మాట చెప్పాయి: వద్దు. ఆ మాటకు కేంద్రం తల వంచక తప్పలేదు. కొండ ఎవరికి ఏమిటో ఢిల్లీ ఊహించి చెప్పలేదు. కొండ మీద బతికేవారిని అడిగింది. పారస్‌నాథ్ విషయంలో 2019లో పర్యాటకం ప్రకటించేటప్పుడు గానీ, 2023లో దాన్ని రద్దు చేసేటప్పుడు గానీ, ఆ అడగడం అన్నదే జరగలేదు.

గిరిడీహ్ జిల్లా రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేదు కనుక అక్కడ గ్రామసభలకు పీసా చట్టం ఇచ్చే బలం లేదన్నది నిజమే. కానీ అటవీ హక్కుల చట్టం షెడ్యూలు ప్రాంతాలకే పరిమితం కాదు. ఉమ్మడి అటవీ వనరుల మీద హక్కును, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడుకునే అధికారాన్ని అది గ్రామసభకే ఇచ్చింది. కొండ చుట్టూ ఉన్న గ్రామాల హక్కులను ముందు నమోదు చేసి, ఆ తర్వాత జైన సమాజంతో కూర్చోబెట్టి, శిఖరం మీది టోంకులకు, యాత్రామార్గానికి, జాహేర్ థాన్‌కు విడివిడిగా నియమాలు రాసుకోవడం అసాధ్యమేమీ కాదు. ఆలయ పరిసరాల్లో మాంసం, మద్యం ఉండరాదన్న జైనుల కోరికను ఆదివాసులు వ్యతిరేకించవలసిన పనిలేదు. తమ వనంలో తమ పూజ తాము చేసుకుంటామన్న ఆదివాసుల కోరిక జైనుల మోక్షమార్గానికి అడ్డం కాదు. ఆ ఒప్పందం ఇరుగుపొరుగుల మధ్య కుదరాలి. పైనుంచి ఉత్తర్వుగా దిగితే ఒకరికి గెలుపులా, మరొకరికి ఓటమిలా కనిపిస్తుంది.

కొండను పంచుకోవడం దక్షిణాసియాకు తెలియని విద్య కాదు. శ్రీలంకలోని శ్రీపాద శిఖరం ఎత్తు 2,243 మీటర్లు. దాని మీది పాదముద్ర బౌద్ధులకు బుద్ధునిది, హిందువులకు శివునిది, ముస్లింలకు ఆదాముది. డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెలలో వైశాఖ పౌర్ణమి దాకా అందరూ రాత్రిపూట అవే మెట్లు ఎక్కి, అదే సూర్యోదయం కోసం ఎదురుచూస్తారు. అంతర్యుద్ధంలో నలిగిపోయిన దేశమది. శిఖరం నిర్వహణ బౌద్ధ సంఘం చేతిలోనే ఉంది. సమస్యలు లేవని కాదు. అయినా ఒక కొండకు ఒకే పేరు ఉండాలన్న పట్టుదల ఆ మెట్ల మీద పెద్దగా సాగలేదు.

తెలుగు నేలకూ ఇది పరాయి కథ కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల అడవుల్లో, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. అక్కడ యాత్ర ఎక్కుడు కాదు, లోతైన లోయలోకి దిగుడు. జలపాతం పక్కన గుహలో ఉన్న లింగమయ్యకు పూజారులు చెంచులే. ఏడాదిలో కొద్ది రోజులే అనుమతించే ఆ జాతర ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలో, అటవీ శాఖ నిబంధనల నడుమ సాగుతోంది. పులిని కాపాడటం అవసరమే. కానీ ఏ రోజు దారి తెరవాలి, ఎందరు దిగవచ్చు అన్న నిర్ణయంలో చెంచు పూజారికి ఎంత భాగం ఉందన్న ప్రశ్న అక్కడా ఉంది. పారస్‌నాథ్‌లో వేసుకోని ప్రశ్న రేపు నల్లమలలో ఎదురుకాదన్న భరోసా ఏమీ లేదు.

జైన దర్శనంలో అనేకాంతవాదం అనే గొప్ప భావన ఉంది. సత్యానికి అనేక ముఖాలుంటాయి. తనకు కనిపించిన ముఖమే మొత్తం సత్యమని ఎవరూ పట్టుబట్టరాదు. ఈ భావనను ప్రపంచానికి అందించిన సమాజమే ముందుకు వచ్చి, తమ శిఖరానికి మరో పేరు కూడా ఉందని, ఆ పేరు పలికేవారిని అడగకుండా ఏ నియమమూ రాయవద్దని కోరితే, ఏ ప్రభుత్వమైనా వినక తప్పదు. ఆ కోరికలో జైనులు పోగొట్టుకునేది ఏమీ లేదు. కొండ చుట్టూ ఉన్నవారి సమ్మతితో దక్కిన పవిత్రత, పోలీసు కాపలాతో దక్కిన పవిత్రత కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రభుత్వాలు చేయవలసినది అంతకంటే చిన్న పని. పర్యవేక్షణ కమిటీలో ఆదివాసుల స్థానాలను జైనుల స్థానాలతో సమానం చేయాలి. ఆహ్వానితులుగా కాదు, సభ్యులుగా ఇరువురినీ కూర్చోబెట్టాలి. చుట్టుపక్కల గ్రామసభల ఉమ్మడి అటవీ హక్కులను గుర్తించాలి. డోలీ కార్మికులకు కూలి, బీమా, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఖాయం చేయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు.

రేపు తెల్లవారుజామున కూడా మధుబన్‌లో డోలీలు లేస్తాయి. మోసేవాళ్ళు తొమ్మిది కిలోమీటర్లు ఎక్కి, యాత్రికుణ్ణి శిఖరం దగ్గర దించుతారు. ఆ ఎక్కుడులో ప్రతి మలుపూ, ప్రతి జారుడు రాయీ వాళ్ళకు తెలుసు. కొండ గురించి తదుపరి ఉత్తర్వు రాసే ముందు ఎవరైనా వాళ్ళను అడుగుతారా అన్నదే మిగిలిన ప్రశ్న.